పంపు బిగించే ముందు క్యామ్ చూడండి

ఇంజిన్ పక్కన రెండు బోల్టుల మీద నిలబడే ఒక చిన్న పంపు గురించి ఇవాళ మాట్లాడుకుందాం. డీజిల్ ట్రాక్టరుకు ఉంటే దాన్ని ఫీడు పంపు అంటాం. పాత పెట్రోలు జీపుకు ఉంటే ఏసీ పంపు అంటాం. చల్లగాలి యంత్రంతో దీనికి సంబంధం లేదు. ట్యాంకులోని నూనెను, అంటే డీజిల్‌నో పెట్రోలునో, లాగి ఇంజిన్‌కు అందించడమే దీని పని. దీన్ని విప్పడం అందరికీ వచ్చు. గొడవంతా తిరిగి బిగించేటప్పుడే వస్తుంది.

బోధన్ పట్నంలో ఉన్నవాళ్లకు ఈ ప్రసంగం అంత అవసరం ఉండకపోవచ్చు. నాలుగడుగులు వేస్తే మెకానిక్ దొరుకుతాడు. కందకుర్తి సంగతి వేరు. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. అక్కడి నుంచే గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. సంగమంలో స్నానానికి వచ్చేవాళ్లు నీళ్లను చూసి దండం పెట్టుకుని వెళ్తారు. ఆ ఒడ్డున ట్రాక్టరు తోలేవాళ్లకు అదే నీళ్లతో వేరే లెక్క ఉంది. వానాకాలంలో శ్రీరాంసాగర్ జలాశయం నిండితే వెనక నీళ్లు ఎగదన్ని చేలల్లోకి వస్తాయి. నీళ్లు దిగిపోయాక మెత్తటి ఒండ్రు మిగులుతుంది. ఆ ఒండ్రులో కేజ్ వీల్స్ వేసుకుని కరిగెట దున్నుతుంటే బండి ఊపిరాడనట్టు దగ్గి ఆగిపోతుంది. మెకానిక్ రెంజల్ నుంచో, బోధన్ నుంచో, వంతెన అవతల ధర్మాబాద్ నుంచో రావాలి. నాట్ల కూలీలు గట్టు మీద నిలబడి ఉంటారు. అలాంటప్పుడు పానాల సంచి తీసేది బండి తోలే మనిషే. ఈ మాటలు ఆయన కోసం.

ముందు ఒక హెచ్చరిక. బండి ఆగిన ప్రతిసారీ పంపు మీద పడకండి. "ఎయిర్ పట్టిందే అన్నా" అని డ్రైవర్ అనగానే పంపు బోల్టుకు పానా వేసేవాళ్లను చాలామందిని చూస్తుంటాం. మొదట ట్యాంకు మూత తీయండి. మూతకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రం ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాదు, నూనె కిందికి దిగదు. మూత తీయగానే బండి మామూలుగా నడిస్తే పంపులో ఏ లోపమూ లేదని అర్థం. తర్వాత ట్యాంకు కింది కాక్ చూడండి, జాలీ చూడండి, రబ్బరు పైపు ఎక్కడైనా పగిలిందేమో వేలితో తడిమి చూడండి. పగిలిన పైపు ప్రతిసారీ కారదు. పంపు లాగే వైపున చీలిక ఉంటే నూనె బయటికి రాకుండా గాలే లోపలికి పోతుంది. అందుకే పైపు పొడిగా కనిపిస్తుంది, మనం మోసపోతాం.

పంపే బలహీనపడిందని చెప్పే గుర్తు ఒకటుంది. చాలా ట్రాక్టర్లలో ట్యాంకు ఇంజిన్ పైభాగాన ఉంటుంది. ట్యాంకు నిండా ఉన్నప్పుడు నూనె తన బరువుతోనే కొంత దిగుతుంది, కాబట్టి పంపు లోపం బయటపడదు. సగానికి తగ్గాక, అదీ గట్టు ఎక్కేటప్పుడో, చెరకు ట్రాలీ లాగేటప్పుడో బండి గుంజుకోవడం మొదలవుతుంది. ఖాళీగా నిలబెడితే మళ్లీ చక్కగా తిరుగుతుంది. ఒడ్డున నీళ్లు తోడే చిన్న డీజిల్ ఇంజిన్లకు ఈ బాధ లేదు. వాటి ట్యాంకు తల మీదే ఉంటుంది, చాలావాటికి ఈ పంపే ఉండదు.

రెండో గుర్తు మరీ ముఖ్యం. ఇంజిన్ ఆయిల్ గేజీ పుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటే సంతోషించకండి. వాసన చూడండి, రెండు వేళ్ల మధ్య రాసి చూడండి. పలచగా ఉండి డీజిల్ వాసన వస్తే పంపులోని డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చిరిగి నూనె ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్లోకి దిగుతోందని అనుమానించాలి. ఆ బండిని ఇంకొక సాలు కూడా దున్ననివ్వకూడదు. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి. పంపు ఖర్చు వందల్లో ఉంటే ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. కొన్ని పంపుల కింద చిన్న రంధ్రం పెడతారు. డయాఫ్రమ్ చిరిగితే అక్కడి నుంచి చుక్కలు కారి మనకు తెలియాలని పెట్టింది అది. కారుతోందని దానికి ఎంసీల్ పెట్టి మూసేవాళ్లున్నారు. అది దొంగను పట్టించిన కుక్కను కొట్టడం.

పంపు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే బిగించడం తేలిక. ఇంజిన్ లోపల క్యామ్ షాఫ్ట్ తిరుగుతుంటుంది. దాని మీద ఒకచోట ఒక పక్కకు ఉబ్బిన గుండ్రటి గుబ్బ ఉంటుంది. పంపు నుంచి లోపలికి చాచిన ఇనుప చేయి ఆ గుబ్బకు ఆని ఉంటుంది. గుబ్బ తోసినప్పుడల్లా చేయి లోపలున్న డయాఫ్రమ్‌ను కిందికి లాగుతుంది. అప్పుడు ఒక వాల్వు తెరుచుకుని ట్యాంకు నూనె లోపలికి వస్తుంది. గుబ్బ పక్కకు తిరగగానే డయాఫ్రమ్ కింది స్ప్రింగు దాన్ని పైకి తోస్తుంది, రెండో వాల్వు గుండా నూనె ఫిల్టరు వైపు పోతుంది. నూనెను లాగేది క్యామ్, తోసేది స్ప్రింగు. ఇంజిన్‌కు నూనె చాలినంత అందినప్పుడు డయాఫ్రమ్ కిందనే ఆగిపోతుంది, చేయి మాత్రం ఊరికే ఆడుతుంటుంది. నూనె ఎంత ఒత్తిడితో పోవాలో చెప్పేది ఆ స్ప్రింగే. స్ప్రింగు మెత్తబడిందని చేత్తో సాగదీసి, కింద వాచర్లు పెట్టి బలం పెంచే పనితనం జీపు మీద చూపిస్తే పెట్రోలు కార్బొరేటరు పొర్లి ఇంజిన్ మీద పడుతుంది. తర్వాత ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మాస్సీ ఫెర్గూసన్ 1035 లాంటి బండ్లలో ఉండే సింప్సన్ ఇంజిన్ల మూలం ఇంగ్లండులోని పెర్కిన్స్ వాళ్ల డిజైను. ఆ తరహా ఇంజిన్లకు ఇంజిన్ బ్లాకు పక్కన ఇలాంటి డయాఫ్రమ్ పంపే ఉంటుంది, చేత్తో కొట్టడానికి కింద చిన్న లివరూ ఉంటుంది. మైకో ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపు ఉన్న బండ్ల తీరు వేరు. వాటి ఫీడు పంపు ఇంజిన్ బ్లాకుకు కాకుండా ఇంజెక్షన్ పంపు పక్కనే ఉంటుంది, లోపల డయాఫ్రమ్ బదులు పిస్టన్ ఉంటుంది, పైన తిప్పి లేపి కొట్టే గుండీ ఉంటుంది. మైకో కంపెనీ 1951లో మొదలైంది. 2008లో పేరు బాష్ అని మారింది, కానీ మన మెకానిక్కుల నోట ఇప్పటికీ మైకోనే. ఇవాళ నేను చెబుతున్నది డయాఫ్రమ్ పంపు గురించి.

విప్పేటప్పుడు మరచిపోకూడని పని ఒకటుంది. పంపును రెండు ముక్కలుగా విప్పాల్సి వస్తే, ముందే ఆకురాయితో రెండింటి అంచు మీదా కలిసేలా ఒక గీత గీయండి. పై ముక్కను ఏ వైపు తిప్పినా స్క్రూలు పడతాయి. కానీ వచ్చే పైపు, పోయే పైపు తారుమారవుతాయి. కొత్త డయాఫ్రమ్ వేశాక ఆరు స్క్రూలూ వేలితో పట్టించండి, లివర్‌ను చివరిదాకా నొక్కి పట్టుకోండి, ఆ స్థితిలోనే ఎదురెదురు స్క్రూలను బిగించుకుంటూ రండి. లివర్ నొక్కకుండా బిగిస్తే డయాఫ్రమ్ బిర్రుగా పడుతుంది. నడిచేటప్పుడు క్యామ్ దాన్ని ఇంకా లాగుతుంది, నాలుగు రోజులకే అంచు దగ్గర చిరుగుతుంది. "కొత్త కిట్టు వేసినా నిలబడలేదు, డూప్లికేట్ మాల్" అని దుకాణదారును తిట్టేవాళ్లలో సగం మంది కథ ఇదేనని నా అనుమానం.

ఇంజిన్‌కు ఎక్కించే ముందు పంపును చేతిలోనే పరీక్షించండి. నూనె వచ్చే రంధ్రాన్ని బొటనవేలితో మూసి లివర్ కొట్టండి. వేలిని లోపలికి పీల్చుకుని కొన్ని క్షణాలు అలాగే పట్టి ఉంచాలి, వేలు తీస్తే బుస్సుమనాలి. తర్వాత పోయే రంధ్రం మూసి కొట్టండి, వేలిని బయటికి తోయాలి. ఇవి రెండూ కుదరకపోతే పంపును బండికి ఎక్కించి లాభం లేదు.

ఇప్పుడు అసలు పని. ఇంజిన్ బ్లాకుకు పంపు కూర్చునే చోట పాత ప్యాకింగ్ అంటుకుని ఉంటుంది. దాన్ని గీకే ముందు ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి, గీకిన పెచ్చులు చాంబర్లో పడకుండా. గీకాక ఆ గుడ్డ తీయాలని వేరే చెప్పాలా అంటే చెప్పాలి. ఇక టార్చి వేసి రంధ్రంలోకి చూడండి. క్యామ్ గుబ్బ మీ వైపు పొడుచుకుని ఉందా, అవతలికి తిరిగి ఉందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా ఎవరూ పంపు పెట్టకూడదు.

గుబ్బ మీ వైపు ఉంటే చేయికి చోటుండదు. పంపును ఆనించి చూస్తే ఫ్లాంజికీ బ్లాకుకీ మధ్య వేలెడు సందు మిగులుతుంది. అక్కడే మనకు బలం గుర్తొస్తుంది. బోల్టు వేసి లాగితే అదే కూర్చుంటుందిలే అనుకుంటాం. పంపు ఒళ్లు పోత లోహం, వంగడం దానికి తెలియదు. బోల్టు చెవి దగ్గర టక్కున విరుగుతుంది. లేదా చేయి గుబ్బకు ఆనాల్సిన వైపు కాకుండా రెండో వైపుకు జారి ఇరుక్కుంటుంది, సెల్ఫ్ కొట్టిన మొదటి చుట్టులోనే విరిగి ముక్క చాంబర్లో పడుతుంది. అప్పుడిక చాంబర్ దించాల్సిందే. అరగంట పని రెండు రోజుల పనవుతుంది. నాటు దాటిపోతుంది.

అందుకే గుబ్బను అవతలికి తిప్పాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి, ఇంజిన్ స్టాప్ నాబ్ లాగి ఉంచండి, క్రాంకు పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజిన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. క్యామ్ షాఫ్ట్ క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది. పూర్తిగా ఎదురుగా ఉన్న గుబ్బ పూర్తిగా అవతలికి పోవాలంటే క్రాంకుకు నిండుగా ఒక చుట్టు పడుతుంది. అర చుట్టు తిప్పి "రావట్లేదు" అనుకోవద్దు. టార్చి పట్టుకునే మనిషి లేకపోతే ఇంకో దారుంది. పంపు పెట్టి బోల్టులు రెండు మూడు మరలు మాత్రమే ఎక్కించండి, ఒక చెయ్యి పంపు మీద ఆనించి క్రాంకు తిప్పించండి. పంపు మీ అరచేతిని బయటికి తోస్తుంది, మళ్లీ లోపలికి జారుతుంది. అన్నిటికన్నా లోపలికి జారిన చోట ఆపండి.

చేయి కొసకు కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి, పంపును కొంచెం ఏటవాలుగా పట్టుకుని చేయిని లోపలికి పంపి, తర్వాత నిటారుగా తేవాలి. సరిగ్గా కూర్చుంటే ఫ్లాంజి బ్లాకుకు దాదాపు చేత్తోనే ఆనుతుంది. స్ప్రింగు ఎదురు కాస్త తెలుస్తుంది, అంతే. బోల్టులను ఇటో మర, అటో మర చొప్పున బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరికి పోతే ఫ్లాంజి వంకర పడుతుంది. ప్యాకింగ్ పాతది ఎంత మందం ఉందో కొత్తదీ అంతే ఉండాలి. కారకూడదని రెండు ప్యాకింగులు వేసి మధ్యన గమ్ము పూస్తే పంపు క్యామ్‌కు దూరం జరుగుతుంది, చేయి ఆట తగ్గుతుంది, నూనె తక్కువ అందుతుంది. కారడం ఆగుతుంది గానీ బండి గుంజడం మాత్రం పోదు.

పైపుల బాంజో బోల్టులకు రాగి వాచర్లుంటాయి. కొత్తవి దొరక్కపోతే పాతవాటిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి. ఉక్కు అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తబడ్డ వాచరు మళ్లీ ఒత్తుకుని పట్టుకుంటుంది. కానీ పొయ్యి నూనె దగ్గర వద్దు, ఇంటికెళ్లి చేసుకురండి.

ఇక గాలి తీయడం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి పంపు లివర్ కొట్టండి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి తెల్లమచ్చ లేని నిండు ధార. అప్పుడు బిగించండి. రెండో ఫిల్టరు ఉంటే దానిదీ అలాగే, ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ. ట్యాంకు వైపు నుంచి ఇంజిన్ వైపే రావాలి, వరస తప్పితే తీసిన గాలే మళ్లీ వస్తుంది. లివర్ కొడితే ఏ ఎదురూ లేక వదులుగా ఆడుతోందా? పంపు పాడైందని మళ్లీ విప్పకండి. గుబ్బ చేయిని నొక్కిపట్టిన స్థితిలో ఇంజిన్ ఆగి ఉంటుంది. మళ్లీ అదే మందు, క్రాంకును ఒక చుట్టు తిప్పండి. చివరగా ఇంజెక్టర్ల దగ్గర నట్లు కాస్త వదిలి, స్టాప్ నాబ్ తిరిగి లోపలికి నొక్కి సెల్ఫ్ కొట్టిస్తే నూనె చిమ్ముతుంది. అక్కడ వేళ్లు పెట్టకండి. ఫీడు పంపు ఒత్తిడి ఏపాటిదీ కాదు గానీ ఇంజెక్టరు దగ్గర అది వంద బార్లు దాటుతుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గాటులా కనిపించినా ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సిన గాయమది. ఇంకొక చెడ్డ అలవాటు పైపు నోట్లో పెట్టి నూనె పీల్చడం. డీజిలైనా పెట్రోలైనా ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. లివర్ ఉన్న పంపుకు నోరెందుకు?

పెట్రోలు జీపు సంగతికి వద్దాం. మన ప్రాంతంలో అవి కొన్నే మిగిలాయి, ఉన్నవాళ్లు వాటిని ప్రాణంగా చూసుకుంటారు. బిగించే పద్ధతి అదే. ముందుగా బ్యాటరీ వైరు తీయాలి, బీడీ కాల్చే మనిషిని దూరం పంపాలి. పంపుకూ ఇంజిన్‌కూ మధ్య మందపాటి అట్టలాంటి ముక్క ఉంటే దాన్ని పారేయకండి. ఇంజిన్ వేడి పంపుకు ఎక్కకుండా పెట్టింది అది. నిజామాబాద్ ఎండలు మే నెలలో 45 డిగ్రీలకు చేరువవుతాయి. ఆ వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగుతుంది. పాత డ్రైవర్లు తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగేవాళ్లు. నాటువైద్యమే గానీ పనిచేస్తుంది.

ఇప్పుడు జీపులకు ఇంకో సమస్య వచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. చెరకు పండించిన నేల మనది. 1937లో నిజాం కాలంలో పెట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడింది. 2015 డిసెంబరులో మూతపడేదాకా శక్కర్‌నగర్ చుట్టూ ఎంతోమంది పానా పట్టడం నేర్చుకున్నది ఆ ఫ్యాక్టరీ నీడలోనే. కాబట్టి చెరకు నుంచి వచ్చే ఇథనాల్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు. అయినా నిజం చెప్పాలి. పాత డయాఫ్రమ్ రబ్బరు ఇథనాల్‌కు తట్టుకునేలా చేసింది కాదు, ఉబ్బుతుంది లేదా గట్టిపడి పగులుతుంది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. జీపు పంపు కిట్టు కొనేటప్పుడు ఇథనాల్‌కు పనికొచ్చే రబ్బరేనా అని అడిగి కొనండి.

"ఇదంతా ఎందుకు, కరెంటు పంపు పెట్టేస్తే పోలా" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. ఇంజిన్ ఆగితే క్యామ్ పంపు తనంతట తానే ఆగుతుంది. జీపు గట్టు మీంచి దొర్లిందనుకోండి, తాళం తీయనంతసేపూ, విడిగా కట్-ఆఫ్ స్విచ్ పెట్టకపోతే, కరెంటు పంపు పెట్రోలు తోస్తూనే ఉండొచ్చు. పైగా బ్యాటరీ పడుకున్నా క్యామ్ పంపుకు ఫికరు లేదు. 2023 జనవరి నుంచి యాభై హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి, వాటిలో ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థలు వస్తున్నాయి. వాటిని గట్టు మీద పానాతో విప్పలేం, విప్పకూడదు కూడా. అంతకన్నా చిన్న బండ్లు, పాత బండ్లు ఇంకా చాలాకాలం మన చేలల్లోనే ఉంటాయి.

చివరగా కొనుగోలు గురించి ఒక మాట. ట్రాక్టరు పేరు చెప్పి పంపు అడగకండి. ఒకే పేరున్న బండికి ఏడాదిని బట్టి పంపు మారుతుంది, చేయి వంపు వేలెడు తేడా ఉన్నా క్యామ్‌కు అందదు, లేదా ఇరుక్కుంటుంది. పాత పంపును గుడ్డతో తుడిచి సంచిలో వేసుకుని బోధన్ వెళ్లండి. దుకాణం బల్ల మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టించండి. చేయి పొడవు, వంపు, బోల్టు రంధ్రాల దూరం, పైపులు వచ్చే వైపు ఇవన్నీ సరిపోయాకే డబ్బులివ్వండి. ప్యాకింగ్, రాగి వాచర్లు అప్పుడే అడిగి తీసుకోండి, వాటి కోసం మళ్లీ కందకుర్తి నుంచి రావడం దండగ.